లోపం అనే గడి

మూడోసారి పిలిచాడు ఓయివా లెహ్తిసాలో.
టాంపెరేలో కాగితం మిల్లు వెనక వీధి, నాలుగో అంతస్తు.
"మంగళవారం ప్రాణం పెట్టి పాడింది.
శనివారం ఉప్పు మరిచిన చేపల పులుసు.
మీరొచ్చిన రోజు మాత్రం బుద్ధిగా ఉంటుంది,
డాక్టరు గుమ్మం దగ్గర మాయమయ్యే పంటినొప్పిలా."

యాంప్లిఫయర్లు విప్పి బతికేదాన్ని నేను.
మొదటిసారి వాల్వులు తీసి చూశాను, నిక్షేపంలా ఉన్నాయి.
రెండోసారి వైర్ల కొనలు తుడిచి
ఫీజు పుచ్చుకున్నాను, కాస్త సిగ్గుపడుతూనే.

ఈసారి నోటుబుక్కు ముందు పెట్టాడు.
మిల్లులో షిఫ్టు లెక్కలు రాసిన చెయ్యి,
అక్షరాలింకా యూనిఫారంలోనే ఉన్నాయి.
తేదీ. బయట చలి, సున్నాకి ఎంత కింద.
ఒకే రికార్డు, ఒకే వైపు, రెండో పాట.
అందులో సెల్లో ఎలా ఉందో ఒక ముక్క:
దగ్గర.
దూరం.
పంటి కింద ఇసక.
ఎవరో దుప్పటి కప్పారు.
ఇవాళ వాయించే మనిషి ఊపిరి కూడా.

సాయంత్రం దాకా ఉండమన్నాడు, ఉన్నాను.
గోడ ప్లగ్గులో మీటరు గుచ్చి కూర్చున్నాను.
రెండువందల ముప్పై ఒకటి.
ఐదు దాటాక కింది కోస్కెలా వాళ్ళు
సౌనా పొయ్యి వేశారు. తరవాత పక్కింట్లో. తరవాత పైన.
శనివారం కదా,
బిల్డింగంతా బట్టలు విప్పి చెమటకు కూర్చుంది.
అంకె దిగింది. ఇరవై ఆరు. ఇరవై మూడు.
"దొంగ దొరికాడు" అన్నాను.

ఓయివా మాట్లాడలేదు. పేజీలు తిప్పి వేలు పెట్టాడు:
ఫిబ్రవరి, రెండో శనివారం, ఇవే పొయ్యిలు, ఇదే వేళ.
పక్కన: దగ్గర. చాలా దగ్గర.

ఆ రోజు మంచు పడిందట, మోకాలి లోతు.
కొత్త మంచు వీధిని మింగేస్తుంది,
టైర్లని, ట్రాముని, ఎదురు సందు కుక్కని.
అప్పుడు గదిలో ఎంత చిన్న శబ్దమైనా
సున్నం వేసిన గోడ మీద చీమ.

ఇంకో పేజీలో వరసగా మూడు 'దూరం'లు.
"జలుబు" అని ఒప్పుకున్నాడు, ముక్కు తడుముకుంటూ.
ఒకరోజు గోడకి వేలాడే ఉన్ని రగ్గు ఉతుక్కి వెళ్ళింది.
ఒకరోజు తమ్ముడు రైమోతో ఫోన్లో పోట్లాట,
పడవ షెడ్డు అద్దె గురించి.
ఇంకోరోజు ఏమీ లేదు.
అదే ముల్లు, అదే కరెంటు, అదే చలి,
కడుపు నిండా భోజనం కూడా.
అయినా పాట ఇల్లు చేరలేదు.
వాన రాకడ, ప్రాణం పోకడ తెలియవంటారే,
ఆ చిట్టాలో ఇదొకటి రాయడం మరిచారు పెద్దలు.

ఏడున్నరకి రికార్డు పెట్టాడు.
మీటరు ఇరవై రెండు దగ్గర నీరసంగా ఉంది.
వీధిలో మంచు లేదు, బురద మీద కార్లు జారుతున్నాయి.
ఏ లెక్కన చూసినా చెడ్డ రోజే.

సెల్లో వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది.
విల్లుకి పట్టిన రోజనం గరగర కూడా వినిపించింది.

ఓయివా కలం తీసి, రాయకుండా నన్ను చూశాడు.
నాకు తెలిసింది చెప్పాను:
నా తడి కోటు కుర్చీ మీద ఉంది,
వెనక గోడ నుంచి తిరిగొచ్చే మోతని అది తాగేసింది.
నేనూ కొంత తాగి ఉంటాను, మనిషి కూడా మెత్తటి సామానే.
గదిలో ఒంటికి ఒళ్ళు తోడైతే స్వరం మారుతుంది.
ఇది శాస్త్రమే, అన్నాను.
సోఫాలో ఒక వైపే పడ్డ గుంట గురించి అనలేదు.

బిల్లు కాగితంలో 'లోపం' అని ఒక గడి ఉంటుంది.
లేదంటే అతన్ని అబద్ధాలకోరుని చేసినట్టు.
ఉందంటే ఎక్కడో చూపించాలి.
'శనివారం' అని రాసి సంతకం పెట్టాను.

తలుపు దగ్గర కోటు అందిస్తూ,
"వచ్చే వారం మళ్ళీ పాడవుతుంది" అన్నాడు.
ఎన్నింటికని అడిగాను.
"ఏడున్నరకి.
పనిముట్లు అక్కర్లేదు."